పదిహేడో భాగంలో వెన్నెల

మా తోడికోడలికి తిథులు తెలియవు. పక్కింటివాళ్ళు గడపలు కడుగుతుంటే చూసి పండగని తెలుసుకునే మనిషి. పెళ్ళయిన సంవత్సరం అడిగితే "మామ కాలు ఇరిగిన యేడు" అంటుంది. అట్లాంటి మనిషి పేరు 1995 నుంచి ఆరేళ్ళు ఒక వారపత్రికలో పెద్ద అక్షరాల్లో, రంగుల బొమ్మ పక్కన అచ్చయింది. నా పేరు ఎక్కడా లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

మా అత్తగారిది ఆళ్ళగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఇల్లు. మా ఆయన పెద్దవాడే కానీ ఉలి పట్టలేదు. నంద్యాల గూడ్సు షెడ్డులో ఉద్యోగం చూసుకున్నాడు. చిన్నవాడు, అంటే మా మరిది, తండ్రి షెడ్డులోనే నిలబడ్డాడు. దేవుళ్ళనూ, నాలుగు రోడ్ల కూడళ్ళలో నిలబెట్టే నాయకులనూ చెక్కేవాడు. అతని భార్యే మా తోడికోడలు. ఏడో తరగతితో ఆగిపోయింది. చదవడం బాగానే వచ్చు. రాయమంటే మాత్రం అక్షరాలు వానకు తడిసిన చీమల్లా చెదిరిపోయేవి.

నేను మునిసిపాలిటీలో జనన మరణాల సీటులో ఉండేదాన్ని. నా చేతిరాత ఆఫీసులో అందరికీ తెలుసు. కొట్టివేత లేకుండా పేజీ నిండా రాయగలను. పుట్టిన తేదీకీ చనిపోయిన తేదీకీ మధ్య వయసు ఎంతో కాగితం మీద లెక్క వేయకుండా చెప్పగలను. ఈ రెండు గుణాలవల్లే ఆమె కథలోకి వెళ్ళాను.

మా పద్ధతి ఇది. ఆమె మధ్యాహ్నం అన్నాలయ్యాక షెడ్డు పక్కన పంచలో కూర్చుని కథను టేపురికార్డరులోకి చెప్పేది. ఆ క్యాసెట్టును గుడ్డలో చుట్టి నంద్యాల బస్సు కండక్టరు చేతికిస్తే, మా ఆయన బస్టాండులో తీసుకునేవాడు. నేను విని, ఆమె మాటను అచ్చుకు పనికొచ్చే భాషలోకి మార్చి, తెల్ల కాగితం మీద ఒకవైపే రాసి పత్రికకు పోస్టు చేసేదాన్ని. క్యాసెట్టు తిరిగి ఆళ్ళగడ్డకు వెళ్ళి, దాని మీదే మళ్ళీ కొత్త భాగం ఎక్కేది. ప్రతి క్యాసెట్టులోనూ ఆమె గొంతు వెనక ఉలి దెబ్బలు వినిపించేవి. మొదట్లో చిరాకు వేసేది. తర్వాత ఉలి ఆగిందంటే కథలో ఏదో భయంకరమైనది వస్తోందని అర్థం చేసుకున్నాను. అక్కడ మా మరిది కూడా చెయ్యాపి వింటున్నాడన్నమాట.

ఆమెకు ఇదంతా ఎట్లా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. నేను చిన్నప్పటి నుంచి చదివాను. గ్రంథాలయంలో అద్దాల బీరువాలన్నీ ఖాళీ చేశాను. కథ రాద్దామని కూర్చుంటే నా కలం నుంచి వచ్చేవి నివేదికలు. ఆమె మాత్రం చింతపండు పిసుకుతూ ఒక నగరాన్ని పుట్టించింది.

ఆ నగరానికి పేరు పెట్టలేదు. పత్రిక పాఠకులు హైదరాబాదనుకున్నారు. ఆమె హైదరాబాదు చూసింది లేదు. ఆ రైలుగేటూ, నూనె మిల్లుల వాసనా, బస్టాండు ముందు చెరుకురసం బండ్లూ అన్నీ నంద్యాలవే. ఆ నగరంలో అమావాస్య వచ్చిందంటే కూడళ్ళలోని విగ్రహాలు దిమ్మెలు దిగి మనుషుల్లో కలిసి తిరుగుతాయి, తెల్లారేసరికి వెనక్కి ఎక్కుతాయి. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపే ఒక అమ్మాయికి మాత్రం వాటి మాటలు ఫోన్లలో వినిపిస్తాయి. మొదటి సీరియల్లో ఆ అమ్మాయి ఆ సంగతి కనుక్కుంటుంది. రెండోదాంట్లో ఒక విగ్రహం వెనక్కి ఎక్కలేదనీ, మనిషిగా ఊళ్ళోనే ఉండిపోయిందనీ తెలుస్తుంది. మూడోది మొదలైంది 1999లో. ఆ మనిషి ఎవరన్నదే అందులో విషయం.

మా వీధి వీధంతా అదే మాట. గురువారం పత్రిక వస్తే కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరికీ పట్టేది కాదు. టీ అంగడి ముసలాయన అని ఒకరు. ఫోటో స్టూడియో ఆయన అయ్యుండడు, అంత మంచివాడెట్లా అవుతాడని ఇంకొకరు. కథలో ఇంకో మనిషి కూడా ఉంది. ఊరి పుట్టుకలూ చావులూ రాసే ఒక పెద్దమ్మ. కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, ఎవరు ఏం చెప్పినా "తేదీ చెప్పు" అనేది.

"పెద్దమ్మంటే నువ్వేలేక్కా," అనేది పక్కింటామె బిందె ఎత్తుకుంటూ. "మొన్న మా అల్లుడు బిడ్డ సర్టిఫికెట్టుకొస్తే గూడ నువ్వు అట్లే అంటివంట గదా, తేదీ చెప్పు తేదీ చెప్పు అని."

"తేదీ చెప్పకపోతే ఏం రాయాల? ఎండాకాలంలో పుట్టినాడని రాయాల్నా?"

"సూడు, సూడు! అచ్చం పెద్దమ్మే!"

నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆమె కథలో నాకు దొరికిన చోటు అంతే: కళ్ళద్దాలూ, ఒక మాటా. అది కూడా జనాన్ని నవ్వించడానికి.

మా ఆయన సంగతి చెప్పాలి. ఇంట్లో బల్ల మీద నా చేతిరాతలో కథ వారాల ముందే ఉండేది. ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. గురువారం బస్టాండుకు వెళ్ళి పత్రిక కొనుక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, పడక్కుర్చీలో కూర్చుని చదివేవాడు.

"ఈడనే ఉంది గదా, చదువుకోరాదా?" అని ఒకసారి అడిగాను.

"అచ్చులో చదివితేనే మే, కత. నీ రాతలో చదివితే ఆఫీసు కాయితం చదివినట్టుంటాది."

చదువుతూ చదువుతూ "అబ్బ, ఏం చెప్పింది!" అనేవాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను చేసిన దేన్ని చూసీ ఆ "అబ్బ" రాలేదు. పప్పు బాగుంటే ఇంకో ముద్ద కలిపేవాడు, అంతే.

ఇంత కుళ్ళుకుంటూ ఎందుకు రాశావని అడగవచ్చు. బస్సు రావడం ఆలస్యమైతే నాకు అన్నం సయించేది కాదు, అందుకు. ఆఫీసులో రోజంతా ఎవరో పుట్టడమూ ఎవరో పోవడమూ రాసి వచ్చి, రికార్డరు మీట నొక్కగానే ఉలి చప్పుడు మధ్య నుంచి "అక్కా, ఇంటాండావా" అని ఆమె గొంతు వచ్చేది. ఆ తర్వాత వచ్చే మాటను లోకంలో అందరికంటే ముందు వినేదాన్ని నేను. అది పోతే నాకు మిగిలేది సీటూ, పప్పూ. నాకున్న వాటా అదొక్కటే. దాన్ని పోగొట్టుకునే పరిస్థితి మూడో సీరియల్లో వచ్చింది.

ఆమె కథలో లెక్కలు ఎప్పుడూ తప్పేవి. సోమవారం మొదలైన ప్రయాణం మర్నాడు శుక్రవారం ముగిసేది. మొదటి సీరియల్లో పన్నెండేళ్ళున్న బూతు అమ్మాయి చెల్లెలు రెండోదాంట్లో పదేళ్ళకు దిగింది. నేను పంచాంగం పక్కన పెట్టుకుని దిద్దేదాన్ని. ఆమెకు చెప్పేదాన్ని కూడా. ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడల్లా పంచలో కూర్చోబెట్టి, ఏ తిథినాడు చంద్రుడు ఎప్పుడు లేస్తాడో చెప్పేదాన్ని. వింటూ వక్కలు కత్తిరించేది. తలకెక్కుతోందని నేను అనుకోలేదు.

పదిహేడో భాగం క్యాసెట్టులో ఒక చోట ఇట్లా చెప్పింది: అమావాస్య నాడు ఎస్టీడీ బూతు అమ్మాయి ఫోటో స్టూడియో ఆయన ఇంటికి వెళ్తుంది. పెరట్లో అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటారు. అమ్మాయి తన గాజుల నీడ అరుగు మీద పడుతుంటే చూసుకుంటుంది, వెన్నెల బాగుందనుకుంటుంది, లేచి వస్తుంది.

నేను క్యాసెట్టు ఆపాను. అమావాస్య నాడు వెన్నెల! ఎన్నిసార్లు చెప్పాను ఈ మనిషికి! వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. వెన్నెలే. సందేహం లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రంగుల బొమ్మ పక్కన పేరు పడే మనిషికి అమావాస్యకూ పున్నమికీ తేడా తెలియదు. నేను లేకపోతే ఈమె గతి ఏమిటి? వెన్నెల తీసేసి అక్కడ వీధి దీపం పెట్టాను. "గోడ అవతలి వీధి దీపపు వెలుగులో" అని రాసి పోస్టు చేశాను.

ఆ భాగం అచ్చయిన మర్నాడు, నేను ఆఫీసుకు బయల్దేరుతుండగా, ఆమె ఆటో దిగింది. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరినట్టుంది. చీర మీద రాతి పొడి అట్లాగే ఉంది. చేతిలో పత్రిక, అదే పేజీ దగ్గర మడిచి.

"అక్కా, ఈ లైటు యాడిది?"

"ఏ లైటు?"

"నంద్యాల మునిసిపాలిటీ లైటు నా కతలోకి యాడినుంచి వచ్చింది అంటాండా."

"అమావాస్య పొద్దు ఎన్నెల యాడిది మే? నీకెన్నిసార్లు చెప్పినా..."

"అందుకే గదా పెట్టింది!"

గడప మీద కూలబడింది. నేను సంచి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. తాగలేదు.

"రాతి మనిషి అక్కా వాడు. ఫోటో ఆయనే. రాతి నుంచి వస్తాది ఆ ఎల్తురు. ఆ పిల్ల చూసుకోదు. చదివేటోళ్ళూ చూసుకోరు. లెక్క చూసేటోళ్ళకే దొరకాలని పెట్టినా. అమావాస్య గదా, ఈ ఎన్నెల ఏందీ అని ఎవరో ఒకరు అనుకోవాల." తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వు అనుకుంటావనుకుంటి. క్యాసెట్టు పంపినప్పట్నుంచీ ఎదురు చూస్తాండా, అక్క బస్సెక్కి వస్తాది, 'మే, దొరికిపోయినాడే' అంటాది అని. నువ్వేమో లైటు ఏసినావు."

నేను చెప్పిన తిథులన్నీ వింది. విని, వాటితో నేను ఎన్నడూ చేయలేని పని చేసింది. నాకు సిగ్గు వేసిందనుకుంటారు. వేయలేదు. ముందు కడుపులో మంటే లేచింది. పంచాంగం నాది. చంద్రుడు నావాడు. అంత మంచి ఉపాయం నా లెక్కల్లో నుంచి పుట్టి, నాకు కాకుండా ఆమెకు తట్టింది.

"అమావాస్య నాడు ఎన్నెల ఉండదు," అన్నాను. ఆ వాక్యం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.

మా ఆయన మధ్యలోకి వచ్చాడు. "వచ్చే వారం పత్రికలో చిన్న ముక్క వేయిస్తే సరిపాయ గదమ్మా. దీపం గాదు, ఎన్నెల అని."

"ఏపిస్తే ఇంకేముంది బావా? దండోరా ఏసినట్టే గదా, ఫోటో ఆయనే దొంగ అని."

అదీ నిజమే. అచ్చయిన దాన్ని దిద్దితే రహస్యం బయటపడుతుంది. దిద్దకపోతే ఫోటో ఆయన్ను పట్టుకోవడానికి ఆధారం లేదు. ఇరవై నాలుగు భాగాల కథ. ఇంకా ఏడు మిగిలాయి. పత్రికవాళ్ళ దగ్గర రెండు భాగాలు ముందుగా ఉన్నాయి కాబట్టి అంతవరకు ఊపిరి.

లేచి వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆగింది. "మా ఎదురింటి పాప డిగ్రీ చదువుతాంది. రాత బాగుంటాది ఆ పాపది. చెప్పింది చెప్పినట్టు రాస్తాది."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ వారం బస్టాండుకు వెళ్ళి మా ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. తర్వాతి వారమూ అంతే. ఎదురింటి పాపను నేను చూడలేదు. అయినా ఆ పాప చేతిరాత నా కళ్ళకు కట్టింది: గుండ్రంగా, ఎడమకు వాలి, ఒత్తులన్నీ ముద్దుగా. కూర తరుగుతుంటే ఆ పాప పంచలో కూర్చుని నవ్వుతున్నట్టుండేది. టేపు లేకుండా ఎదురుగానే వింటుంది. ఉలి ఎప్పుడు ఆగుతుందో కళ్ళారా చూస్తుంది. ఆ పిల్ల మీద నాకు పుట్టిన అసూయ తోడికోడలి మీద ఎన్నడూ పుట్టలేదు.

మూడో వారం క్యాసెట్టు వచ్చింది. మీట నొక్కాను. ఉలి చప్పుడు లేదు.

"అక్కా, ఇది నీకు చెప్తాండా, రాయొద్దు. ఫోటో ఆయన్ని ఇడిసిపెట్టేసినా. ఆయన మంచోడే. పెద్దమ్మే దొంగ. ఈ క్యాసెట్టంతా ఆమె కతే. నీకు ఇష్టముంటే రాయి. లేకుంటే తిప్పి పంపు, ఎదురింటి పాప రాస్తాది. రాస్తే మాత్రం ఒక్క మాట మార్చొద్దు. మార్చితే ఇంక నీకూ నాకూ కత లేదు. మామూలుగా వస్తా పోతా ఉందాం, కూరలు ఇచ్చుకుంటా ఉందాం, అంతే."

తర్వాత కథ మొదలైంది. పెద్దమ్మ పుస్తకంలో తేదీ దిద్దితే ఆ తేదీయే నిజమవుతుంది. ఆమెకు ఎవరి మీదా పగ లేదు. లెక్క సరిపోకపోతే చూడలేదు, అంతే. ఒకరి వయసులో ఒక నెల ఎక్కువ కనిపిస్తే కొట్టేస్తుంది. ఆ మనిషి నెల ముందు పోతాడు. కొట్టేసిన రోజులన్నీ ఎక్కడికి పోతాయి? కూడళ్ళలోని రాళ్ళకు పోతాయి. వాటికి ప్రాణం వచ్చింది అందువల్ల. ఆమెకు ముందు ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు కొట్టేసిన రోజులతో ప్రాణం పోసుకుని, వెనక్కి ఎక్కని విగ్రహం ఆమే. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు. బూతు అమ్మాయి ఒక్కతే కనుక్కుంది. పెద్దమ్మను బయటపెడితే రాళ్ళన్నీ రాళ్ళవుతాయి, ఊరి రోజులు ఊరికి మిగులుతాయి. కానీ అమ్మాయి చెల్లెలు బతికి ఉన్నది కూడా పెద్దమ్మ ఒకసారి పొరపాటున ఎక్కువ రాసి, కంటపడక, దిద్దకుండా వదిలేసిన ఒక్క తేదీ మీద. పుస్తకం బయటికొస్తే అదీ పోతుంది. అమ్మాయి ఏం చేయాలి?

క్యాసెట్టు రెండు వైపులా అయిపోయింది. నేను లేవలేదు. వీధిలో పెద్దమ్మ ఎవరో అందరికీ తెలుసు. ఇది అచ్చయితే నేను కుళాయి దగ్గరికి ఎట్లా పోవాలి? ఆఫీసులో సర్టిఫికెట్టు కోసం వచ్చేవాళ్ళు నా చేతిలో కలం చూసి ఏమనుకుంటారు? తిప్పి పంపితే ఎవరూ తప్పనరు. కానీ ఎట్లాగూ అచ్చవుతుంది, ఎదురింటి పాప చేతి రాతతో. నన్ను దొంగను చేసే కథను లోకంలో అందరికంటే ముందు వినేది ఆ పాప అవుతుంది.

అది నేను భరించలేకపోయాను. కాగితాలు తీశాను.

ఇంకో మాట కూడా రాయాలి. అది ఆమె చెప్పిన అన్నిట్లోకీ గొప్ప భాగం. ఫోటో ఆయన కథకంటే ఎన్నో రెట్లు గొప్పది. నేను వీధి దీపం పెట్టకపోతే ఇది పుట్టేదే కాదు. రాస్తున్నంతసేపూ మనసులో ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. ఆమెను మెచ్చుకోవలసి వచ్చినప్పుడల్లా అదే గుర్తు చేసుకున్నాను.

ఒక్క మాట మార్చకుండా చివరి పేజీ దాకా వచ్చాను. అక్కడ పెద్దమ్మ అమ్మాయితో అంటుంది: "నలభై ఏండ్లు ఈ కుర్చీలో కూర్చున్నా." నా కలం ఆగింది. రెండో సీరియల్లో పెద్దమ్మ ఉద్యోగంలో చేరింది ఇరవై రెండేళ్ళకని ఉంది. ఆ పేజీ రాసింది నేనే. యాభై ఎనిమిదికి ఉద్యోగ విరమణ. మొత్తం ముప్పై ఆరు. నలభై ఎట్లా వచ్చాయి? నాలుగు ఎక్కువ.

మునుపైతే ఆలోచించకుండా దిద్దేదాన్ని. ఇప్పుడు నాకు తెలియలేదు. ఇది మామ కాలు విరిగిన ఏడాది లాంటి లెక్కా? లేక అమావాస్య వెన్నెలా? ఆ నాలుగేళ్ళలో ఏదో దాచిందా? దిద్దితే ఆమె చెప్పినట్టు నాకూ ఆమెకూ కథ లేదు. దిద్దకపోతే, అది ఉత్త తప్పే అయితే, తప్పుడు లెక్క నా చేతిరాతలో పత్రికకు పోతుంది. మర్నాడు సెలవు పెట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అంతకుముందు ఎప్పుడు వెళ్ళినా చెప్పడానికే వెళ్ళాను, అడగడానికి వెళ్ళడం అదే మొదలు. శిరివెళ్ళ దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేశాను. ముప్పై ఆరే.

షెడ్డులో మా మరిది ఒక వినాయకుడి తొండం ఉలితో చెక్కుతున్నాడు. "రా వదినా, రా. నిన్ను దొంగను చేసిందంట గదా, కొట్టేకి వచ్చినావా?" అన్నాడు. పంచలో ఆమె శనగలు చెరుగుతోంది. ఎదురింటి పాప లేదు. ఆ పంచ అంతా కళ్ళతో వెతికాను. కాగితం గానీ కలం గానీ లేవు.

"ఒక్క మాట మార్చలేదు," అన్నాను నిలబడే. "ఒకటి అడిగేకి వచ్చినా."

"కూసో అక్కా."

"నలభై ఏండ్లన్నావు. ముప్పై ఆరే అవుతాది. తప్పు చెప్పినావా, కావాలని చెప్పినావా?"

చేట ఆపి నా ముఖంలోకి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"తప్పేలే! నలభై అంటే నిండుగా ఉంటాదని అంటి. ముప్పై ఆరు అంటే బస్సు నంబరు మాదిరి లేదూ?"

"అయితే దిద్దనా?"

"దిద్దు." మళ్ళీ చెరగడం మొదలుపెట్టి, ఆగింది. "వద్దాగు. నాలుగేండ్లు ఎక్కువన్నావు గదా. రిటైరైనాంక ఆ నాలుగేండ్లు ఆమె ఏం చేసుంటాది అక్కా?"

నాకు రిటైరవడానికి అప్పటికి ఎంతో కాలం లేదు. ఆ ప్రశ్న నేను కొన్నాళ్ళుగా ఎవరికీ చెప్పకుండా వేసుకుంటున్నదే.

"పోతాది," అన్నాను. "దినామూ ఆఫీసుకే పోతాది. కుర్చీలో కొత్తామె ఉంటాది గదా, బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటాది. వచ్చేటోళ్ళ చేతుల్లో కాయితాలు ఇప్పించుకుని చూస్తాది. తప్పుంటే దిద్ది ఇస్తాది. ఎవరూ అడగరు. ఎవరూ వద్దనరు గూడ. ఆమె రిటైరైందని ఆమెకే గుర్తుండదు."

ఉలి ఆగింది.

"ఆ పిల్ల అడుగుతాది," అంది మా తోడికోడలు నెమ్మదిగా. "ఎందుకు చేసినావు పెద్దమ్మా, అని. ఆమె ఏమంటాది?"

"ఏమంటాది... తప్పు కంటబడినాంక చెయ్యి ఊరుకోలేదమ్మా, అంటాది. ఇంకేముంది చెప్పేకి."

ఆమె లేచి లోపలికి వెళ్ళి టేపురికార్డరు తెచ్చింది. మీట నొక్కింది. నేను చెప్పినదంతా తన గొంతుతో చెప్పింది, బెంచీ, కాగితాలు, ఆ చివరి మాట, నేను అన్న వరుసలోనే. ఒక్క మాట మార్చలేదు. నేను గోడకు ఆనుకుని విన్నాను. నా మాట ఆమె నోట్లో ఎక్కువ బాగుంది. అది కూడా గమనించాను.

క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "వారం వారం నువ్వే రాయి. లెక్క తప్పితే అడుగు," అంది. ఎదురింటి పాప మాట నేను ఎత్తలేదు. ఆమే చెప్పింది: "ఆ పాప రాత సూడలేదు నేను. డిగ్రీ అని ఊరికే అంటి."

ఆ బెంచీ మాటలున్న తర్వాతి భాగం అచ్చయిన గురువారం మా ఆయన కాళ్ళు కడుక్కుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూస్తూ, "బిరీన చదువన్నా, ఇంటా," అంది. పెద్దమ్మ దొంగని తెలిసి వీధిలో రెండు వారాలుగా నా ముఖం చూసి నవ్వాపుకుంటున్నవాళ్ళలో ఆమె మొదటిది.

ఆయన గట్టిగా చదివాడు. వరండా బెంచీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "తప్పు కంటబడినాంక చెయ్యి ఊరుకోలేదమ్మా" దగ్గర ఆగిపోయాడు. పత్రిక ఒళ్ళో పెట్టుకుని కళ్ళద్దాలు తీశాడు.

"అబ్బ," అన్నాడు. "ఏం చెప్పింది మే, మా మరదలు!"

"పాపం ఆ ముసల్ది," అంది పక్కింటామె ముక్కు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ తిట్టుకుంటి. ఆ మాట చెప్పినామె చేతికి బంగారు కడియం తొడగాల."

నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆ మాట నాదని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే నమ్ముతారు కూడా. నేను అబద్ధం ఆడనని వీధిలో అందరికీ తెలుసు. కానీ వెంటనే పక్కింటామె ఇంకోటి అడుగుతుంది, ఆ పెద్దమ్మ బాధ నీకెట్లా తెలిసిందక్కా అని. నోరు మూసుకున్నాను. దుప్పటి తీసి బండ మీద వేసి, వాళ్ళిద్దరూ తర్వాత ఏమన్నారో వినపడకుండా, గట్టిగా బాదాను.